లవంగం – అరుగుదల – షుగరు: ఒక గుమాస్తా నోటు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా రాయికల్‌లో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షను దయాధర్మం కాదు, ఉద్యోగి చేసిన సేవకు రావలసిన హక్కు అని తేల్చింది. ఆ రోజునే మనం ప్రతి ఏటా ఇట్లా కూడుకుంటున్నాము. ఈ సభలో డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడేవారు నాకన్నా సమర్థులున్నారు. కార్యవర్గం వారు నన్ను మాత్రం లవంగాల మీద మాట్లాడమన్నారు. నవ్వకండి. ఈ సంవత్సరం మన సభ్యుల ఇళ్ళలో లవంగం నీళ్ళు కాయని ఇల్లు తక్కువ. పొద్దున వాకింగుకు పోతే నలుగురిలో ముగ్గురు అదే మాట. ఒకరు ఐదు లవంగాలంటారు, ఒకరు రాత్రి నానబెట్టాలంటారు, ఇంకొకరు దాల్చినచెక్క కూడా కలపాలంటారు. వీరందరికీ గురువు చేతిలోని ఫోనే.

నేను వైద్యుణ్ణి కాను. 1973లో జగిత్యాల తాలూకా కచేరిలో ఎల్.డి.సి.గా చేరి, 1985లో మండలాలు వచ్చినాక ఆ మండలం ఈ మండలం తిరిగి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయిన వాణ్ణి. నాకు తెలిసిన విద్య ఒక్కటే. అర్జీ వస్తే అర్జీదారు ఎవరు, కోరేదేమిటి, జత చేసిన కాగితాలేమిటి అని చూసి నోటు రాసి పై అధికారికి పెట్టడం. ఇప్పుడు లవంగం మీద కూడా అంతే చేశాను. సంతకం పెట్టవలసిన అధికారి మీ డాక్టరు గారు.

ముందు అర్జీదారు సంగతి. లవంగం కాయ కాదు, గింజ కాదు. పూలమొగ్గ. చెట్టు మీద మొగ్గ లేత ఎరుపు తిరిగి ఇంకా విచ్చుకోక మునుపే చేతితో కోసి ఎండబెడితే మన పోపులపెట్టెలో ఉండే మేకులాంటి వస్తువు వస్తుంది. దీని పుట్టిల్లు ఇండోనేషియాలోని మలుకు దీవులు. వందల ఏండ్లపాటు ప్రపంచంలో ఇంకెక్కడా లవంగం పండేది కాదు. కాళిదాసు రఘువంశంలో కళింగ రాజును వర్ణించేచోట ఇతర ద్వీపాల నుండి గాలి మోసుకొచ్చిన లవంగ పుష్పాల ప్రస్తావన చేశాడు. అంటే అది సముద్రం మీద నుంచి వచ్చే సరుకని ఆనాడే అందరికీ తెలుసు. మన కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో కర్పూరానికి ఇంత, చందనానికి ఇంత, మిరియాలకు ఇంత, పోకలకు ఇంత అని సుంకాలు నిర్ణయించాడు. గుమాస్తా కంటికి ఆ శాసనం చక్కటి జి.ఓ. లాగా కనబడుతుంది.

తరువాత డచ్చి వాళ్ళు ఈ వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకొని, తాము చెప్పిన దీవిలో తప్ప మిగతా చోట్ల చెట్లు నరికించారు. 1770లో పియరీ ప్వావ్ర్ అనే ఫ్రెంచి అధికారి మొక్కలు గుట్టుగా తెప్పించి మారిషస్‌లో నాటించాడు. ఆ తరువాతి శతాబ్దంలో మస్కట్ సుల్తాను సయ్యద్ సయీద్ తన రాజధానినే ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ దీవికి మార్చుకొని అక్కడ లవంగం తోటలు వేయించాడు. మస్కట్ పేరు రాయికల్‌లో ఎవరికి కొత్త? మన పిల్లలు ఎంతమంది అక్కడ చెమటోడ్చుతున్నారో మీకు చెప్పనక్కరలేదు. ఇంకో వింత. ఇండోనేషియాలో పండే లవంగంలో ఎక్కువ భాగం వంటకూ పోదు, మందుకూ పోదు. పొగాకులో కలిపి సిగరెట్లు చుడతారు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టిన మన అక్కచెల్లెళ్ళకు ఈ సంగతి చెబితే నవ్వుతారు. మన దేశంలో కన్యాకుమారి కొండల్లో, కేరళలో, కర్ణాటకలో కొంత పండుతుంది. కన్యాకుమారి లవంగానికి 2021లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా మన అవసరానికి అది చాలదు, బయటి నుంచి రావలసిందే.

ఇక కోరేదేమిటి? రెండు కోరికలు. ఒకటి అరుగుదల, రెండు షుగరు. ఈ రెండింటినీ ఒక్క ఫైలులో కట్టడమే అసలు చిక్కు. మొదటి దాని మంచి పేరు చూపించి రెండో దానికి కూడా మంజూరు పొందాలని చూస్తున్నారు.

అరుగుదల విషయంలో లవంగం సర్వీసు రిజిష్టరు బాగానే ఉంది. నోటి శుద్ధికి జాజికాయ, లవంగం, పోక, తమలపాకు, కర్పూరం వాడమని చరక సంహిత చెప్పింది. పదహారో శతాబ్దపు భావమిశ్రుడు లవంగాన్ని దీపనం, పాచనం, రుచికరం అన్నాడు. అంటే ఆకలి పుట్టిస్తుంది, తిన్నది అరిగిస్తుంది. మన ఇళ్ళలో పెళ్ళి విందులో బగారన్నం, మాంసం కూర తిన్నాక పాన్‌కు లవంగం గుచ్చి ఇవ్వడం ఊరికే వచ్చిన మర్యాద కాదు. లవంగంలో యూజినాల్ అనే ఘాటైన నూనె పదార్థముంది. తీసిన లవంగ నూనెలో ముప్పాతిక వంతు అదే. అది నాలుకకు తగలగానే లాలాజలం ఊరుతుంది, తేన్పు వస్తుంది, ఉబ్బరం కాస్త సడలుతుంది. పంటి నొప్పికి కూడా ఇదే ఆధారం. పంటి డాక్టర్లు తాత్కాలికంగా పెట్టే సిమెంటులో జింకు ఆక్సైడుతో కలిపేది ఈ యూజినాల్‌నే. నొప్పిని మొద్దుబారుస్తుంది గాని పుచ్చును బాగుచేయదు. అది వేరే ఫైలు.

మా అమ్మ లవంగం కన్నా వామును ఎక్కువ నమ్మేది. చిటికెడు వాము, ఉప్పు బెడ్డ నోట్లో పోసి గోరువెచ్చని నీళ్ళు తాగించేది. నా అభిప్రాయం కూడా అదే. మనకు అందుబాటులో ఉన్న వాము, జీలకర్ర, శొంఠి ఈ పనిలో లవంగానికి ఏ మాత్రం తీసిపోవు, ధర కూడా తక్కువ. అయినా లవంగం ఇష్టమైన వారు భోజనం తరువాత ఒక్కటి బుగ్గన పెట్టుకొని మెల్లగా నమిలితే చాలు. కషాయం కావాలంటే రెండు లవంగాలు కచ్చాపచ్చాగా దంచి, గ్లాసెడు నీళ్ళలో వేసి, ముప్పావు గ్లాసు అయ్యేదాకా కాచి, వడగట్టి, గోరువెచ్చగా తాగండి. రోజుకు ఒకసారి. ఖాళీ కడుపుతో వద్దు. కడుపులో పుండు ఉన్నవారికి, గుండెల్లో మంట ఉన్నవారికి ఇది ఇంకా మంట పుట్టించవచ్చు.

ఇక్కడ ఒక మాట కాస్త నిలబడి చెప్పాలి. మన వయసులో ‘గ్యాసు’ అనే పేరు కింద చాలా రోగాలు దాక్కుంటాయి. మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ళలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ బిళ్ళ కూడా కొందరికి కడుపుబ్బరం, విరేచనాలు తెస్తుంది. అది డాక్టరుకు చెబితే మోతాదు సర్దుతారు, భోజనంతో వేసుకోమంటారు. చాలా ఏండ్లుగా షుగరు ఉన్నవారిలో కడుపు నరాలు మందగించి తిన్నది అక్కడే నిలుస్తుంది. వీటిలో దేన్నీ లవంగం బాగుచేయదు. అన్నిటికన్నా భయపడవలసింది గుండె. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో లాగడం, చెమటలు, ఆయాసం ఇవి వస్తే ‘రాత్రి పప్పు తిన్నాము, గ్యాసు’ అని లవంగం నోట్లో వేసుకొని పడుకోకండి. షుగరు ఉన్నవారికి గుండెపోటులో నొప్పి సరిగా తెలియకనే పోవచ్చు. ఒట్టి ఆయాసమో, నీరసమో, కడుపులో తిప్పినట్టో మాత్రమే ఉండవచ్చు. వెంటనే 108కు ఫోను చేయండి. గ్యాసేనని తేలితే నవ్వుకుంటూ ఇంటికి రావచ్చు. అట్లాగే మలం తారులాగా నల్లగా పోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా, ముద్ద మింగుడు పడకపోయినా ఇంటివైద్యంతో రోజులు గడపరాదు.

ఇప్పుడు రెండో కోరిక, షుగరు. ఇందులో జత చేసిన కాగితాలు పలుచగా ఉన్నాయి. లవంగం సారానికి షుగరును తగ్గించే గుణం ఉండవచ్చని పరిశోధనశాలల్లో, ఎలుకల మీద చేసిన పరీక్షలు ఉన్నాయి, నిజమే. మనుషుల మీద చేసిన వాటిలో 2019లో అచ్చయిన ఒక అధ్యయనాన్ని ఎక్కువగా ఉదహరిస్తారు. దానిని కాస్త దగ్గరగా చూడాలి. అందులో పాల్గొన్నవారు పట్టుమని ఇరవై మంది కూడా లేరు. షుగరు వ్యాధి ముదిరినవారు కారు, ఆరోగ్యవంతులు, హద్దు మీద ఉన్నవారు. వాళ్ళకిచ్చింది మనం కాచే నీళ్ళు కాదు, ప్రత్యేకంగా తయారు చేసిన సారం, రోజుకు 250 మిల్లీగ్రాములు. గడువు ముప్పై రోజులు. ఆ సారం తీసుకోని మరో జట్టును పక్కన పెట్టి పోల్చలేదు. వారికి షుగరు అంకెలు తగ్గాయి. ఇది మంచి ప్రారంభమే, కాదనను. కాని ఇంత కాగితం మీద పన్నెండేండ్ల షుగరు మనిషి మందు మానేయవచ్చని ఉత్తరువు ఎవరిస్తారు? నా సర్వీసులో ఇంతకన్నా ఎక్కువ కాగితాలున్న అర్జీలు కూడా ‘మరింత ఆధారం చూపవలెను’ అని వాపసు పోయేవి.

మొక్కల మందులంటే నాకు చులకన లేదు. అందరం మింగే మెట్‌ఫార్మిన్ మూలం కూడా ఒక మొక్కే. యూరపులో గలీగా అనే మొక్కను పూర్వం నాటు వైద్యంలో వాడేవారు. దానిలోని పదార్థం షుగరును తగ్గిస్తుందని గమనించారు. అది అట్లాగే ఇస్తే విషమని కూడా గమనించారు. దానికి దగ్గరి మరో రసాయనాన్ని తయారు చేసి, 1957లో జాన్ స్టెర్న్ అనే ఫ్రెంచి వైద్యుడు మనుషుల మీద ఫలితాలు ప్రకటించాడు. ఆ తరువాత కూడా దశాబ్దాలు పరీక్షించారు. ఎంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వరాదు అన్నది అట్లా తేలింది. లవంగం ఆ దారిలో ఇంకా మొదటి మైలురాయి దగ్గర ఉన్నది.

నేను ఇంత పట్టుగా చెప్పడానికి కారణం మన మిత్రుడొకరు. వేరే శాఖలో పనిచేసి రిటైరయ్యారు. పేరు చెప్పకుండా చెప్పమని ఆయనే అనుమతి ఇచ్చారు, ‘ఇంకొకరికి కాకుండా ఉంటే మంచిదే కదా’ అని. పన్నెండేండ్లుగా షుగరు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి బిళ్ళ. దుబాయిలో ఉన్న కొడుకు ప్రేమతోనే ఒక వీడియో పంపాడు. లవంగం నీళ్ళు ఇరవై ఒక్క రోజులు తాగితే షుగరు పోతుందట. వర్షాకాలంలో మొదలుపెట్టారు. వీడియోలోనే రాత్రి అన్నం మానమని, పొద్దున నడవమని కూడా ఉంది. ఆయన పట్టుదల మనిషి. రాత్రి జొన్నరొట్టె, పొద్దున గంట నడక, పైన లవంగం నీళ్ళు. బిళ్ళలు కూడా నడుస్తున్నాయి. నెల తిరిగేసరికి పరగడుపు షుగరు 180 నుంచి 130కి వచ్చింది. పేరంతా లవంగానికి పోయింది. ఆఫీసుల్లో మనం చూసిందే కదా, రాత్రులు కూర్చొని పని చేసింది గుమాస్తా, మెమెంటో అందుకున్నది ఇంకొకరు. ఇక్కడ పని చేసింది నడక, రొట్టె, బిళ్ళ.

దసరా దగ్గరలో కలిస్తే “సారూ, మంచిగనే ఉన్న. గోలీలు బంద్ పెట్టిన” అన్నారు. మొహం కళగానే ఉంది. షుగరు పెరిగినంత మాత్రాన నొప్పి ఉండదు, అదే దీనిలోని మోసం. చలి ముదిరింది, నడక ఆగింది. పండుగలు, పెళ్ళిళ్ళు వచ్చాయి, రొట్టె పోయి మళ్ళీ అన్నమే. మిగిలింది లవంగం నీళ్ళొక్కటే. ఆయన వాటిని ఒక్క రోజు కూడా తప్పలేదు. పొలం దగ్గర కొత్త చెప్పు కరిచి కాలి వేలికి చిన్న పుండయింది. షుగరుకు పాదాల నరాలు మొద్దుబారి నొప్పి తెలియలేదు. పసుపు రాసుకున్నారు. సంక్రాంతికి ఇల్లాలు సకినాలు చేస్తూ వాసన పసిగట్టి చూసేసరికి వేలు నల్లబడి ఉంది. కరీంనగర్‌లో చేర్పించారు. ఆనాడు షుగరు నాలుగు వందలు దాటింది. కాలు దక్కింది, రెండు వేళ్ళు పోయాయి. ఆయన ఇప్పుడు మళ్ళీ నడుస్తున్నారు, కర్రతో. కొడుకు ఫోనులో ఏడ్చాడని చెప్పారు. ఆ పిల్లవాణ్ణి తప్పుపట్టే మనసు నాకు రాలేదు. అంత దూరాన ఉన్నవాడు తండ్రికి ఏం పంపగలడు, మంచి అనుకున్న మాట తప్ప?

కాబట్టి ఇంట్లో ఉన్న కోడళ్ళకు, కొడుకులకు కూడా నా మనవి. పెద్దవారు లవంగం నీళ్ళు తాగుతామంటే తాగనివ్వండి. బిళ్ళల డబ్బాలో బిళ్ళలు తరుగుతున్నాయా లేదా అన్నది మాత్రం చూస్తూ ఉండండి. ఆదివారం పూట ఒకసారి వారి పాదాలు, వేళ్ళ సందులు చూడండి.

దీనికి ఎదురు ప్రమాదం కూడా ఒకటున్నది. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి బిళ్ళలు, ఇన్సులిన్ వాడేవారు షుగరు త్వరగా దిగాలని ఒక పక్క కషాయాలు తాగుతూ ఇంకో పక్క తిండి మానితే షుగరు మరీ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం, మాట తడబడటం. మన వయసులో ఇది పెరిగిన షుగరుకన్నా త్వరగా ప్రాణం మీదికి తెస్తుంది. మెలకువలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వాడేవారు, అంటే గుండెకు స్టెంటు వేయించుకున్న మన మిత్రులు, లవంగాన్ని మందులాగా వాడరాదు. యూజినాల్‌కు కూడా రక్తాన్ని పలుచన చేసే గుణం ఉన్నది. కూరలో పడ్డ నాలుగు లవంగాలకు భయం లేదు. ఆపరేషను ఉంటే మాత్రం ముందే డాక్టరుకు చెప్పి కషాయం ఆపండి.

లవంగ నూనె గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను. దానిని తాగరాదు. పంటికి దూదితో ఒక చుక్క అద్దుకోవడం వరకే. రెండు చెంచాల లోపు నూనె మింగిన చంటిపిల్లలు స్పృహ తప్పి, కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. సీసా మనుమల చేతికందే గూట్లో పెట్టకండి.

కొనేటప్పుడు ఒక చిన్న పరీక్ష. నూనె పిండేసిన లవంగాలు కూడా బజారుకు వస్తాయి. మంచి లవంగానికి పైన గుండు బిగువుగా ఉంటుంది, గోటితో నొక్కితే నూనె చెమరుస్తుంది. గ్లాసెడు నీళ్ళలో వేస్తే అడుగుకు దిగుతుంది. పీల్చేసినవి పైన తేలుతాయి. మా ఇంట్లో ఈ పరీక్ష చేసి చూపిస్తే మా ఆవిడ ‘ముప్పై ఐదేండ్లు సర్కారు కాగితాలు తిప్పినోళ్ళు ఇప్పుడు నా పోపులపెట్టె ఆడిట్ మొదలుపెట్టిన్రు’ అన్నది.

మరి షుగరుకు ఏం చేయాలి అని అడుగుతారు. 2023లో అచ్చయిన ఐ.సి.ఎం.ఆర్. సర్వే లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉన్నది, హద్దు మీద ఉన్నవారు ఇంకో 13.6 కోట్లు. మన ప్రాంతంలో కాలువ నీళ్ళు రాకముందు మక్క గటక, జొన్న సంకటి తిని, చేనుకు నడిచిపోయిన వాళ్ళం. వరి వచ్చింది, మూడు పూటలా అన్నమే అయింది, మోటారు సైకిలు వచ్చింది. అన్నం మానమని నేను అనను, నాకే సాధ్యం కాదు. ముద్ద తగ్గించి పప్పు, కూర పెంచవచ్చు. భోజనం కాగానే మంచం ఎక్కకుండా పావుగంట వాకిట్లో తిరిగితే తిన్న తరువాత ఎగిసే షుగరు తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. ఈ పావుగంట ఖరీదు ఏమీ లేదు, బహుశా అందుకే దాని మీద వీడియోలు తక్కువ.

అంకెలు రాసుకోండి. పరగడుపున 126 గాని, గ్లూకోజు నీళ్ళు తాగిన రెండు గంటలకు 200 గాని, మూడు నెలల సగటు చెప్పే హెచ్.బి.ఎ1సి 6.5 గాని, అంతకన్నా ఎక్కువ గాని ఉంటే షుగరు ఉన్నట్టే లెక్క, రెండోసారి పరీక్షతో ఖాయం చేస్తారు. ఇప్పటికే మందు వాడేవారికి ఎంత దాకా ఉండవచ్చో వయసును బట్టి డాక్టరు చెబుతారు, అందరికీ ఒకే అంకె కాదు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ముప్పై దాటిన వారికి బి.పి., షుగరు ఉచితంగా చూస్తారు. జిల్లా కేంద్రమైన జగిత్యాలలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ఉన్నది. కరీంనగర్ దాకా ప్రతి చిన్న పనికి పోవలసిన రోజులు కావు.

ఒక నోటుబుక్కులో నాలుగు గీతలు గీయండి. తేదీ, పరగడుపు, తిన్నాక, ఆ వారం ఏం మార్చారు. లవంగం మొదలుపెడితే అందులో రాయండి, నడక ఆపితే అదీ రాయండి. మూడు నెలల తరువాత ఆ పుస్తకం డాక్టరు ముందు పెట్టి ‘లవంగం నీళ్ళు తాగుతున్నాను, బిళ్ళ తగ్గించవచ్చునా’ అని అడగండి. సిగ్గుపడనక్కరలేదు. ఆయన తగ్గించమంటే తగ్గించండి, వద్దంటే వద్దు.

నాకిచ్చిన సమయం దాటింది, భోజనాల వేళయిందని వెనుక వరుసలోని మిత్రులు సైగ చేస్తున్నారు. విస్తరిలో బగారన్నం వడ్డిస్తున్నారని విన్నాను. అందులో లవంగం కనబడితే పక్కకు తీసేయకండి. షుగరు బిళ్ళ ఇంటి దగ్గర మరిచిపోయి వచ్చినవారు తినక ముందే ఒకరిని పంపి తెప్పించుకోండి.